ఒక సూపర్‌హీరో, పది కథలు: కామిక్స్ తెరమీదికి వచ్చేటప్పుడు ఏం మారుతుంది, ఎందుకు మారుతుంది?

"అన్నా, ఐరన్ మ్యాన్ చచ్చిపోయినాడు గదా. మళ్లా అదే మనిషి విలన్‌గా ఎట్ల వస్తాడు?"

2024 జులైలో శాన్ డియెగో కామిక్-కాన్ వేదిక మీద, ఐరన్ మ్యాన్ వేషం వేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ ముసుగు తీసి, ఈసారి డాక్టర్ డూమ్ అనే విలన్‌గా వస్తున్నానని ప్రకటించినప్పటి నుంచి తిరుపతిలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. ఇంటర్ చదివే పిల్లలు అడిగారు, యూనివర్సిటీ హాస్టల్ వాళ్లు అడిగారు. దాని వెనకే ఇంకొన్ని ప్రశ్నలు వస్తాయి. 2021 సినిమాలో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు ఒకేసారి ఎట్లా కనిపించారు? 2025లో కొత్త సూపర్‌మ్యాన్ వచ్చాడంటే పాతాయన కథ అయిపోయినట్టేనా? పుస్తకంలో ఉన్నది తెరమీద లేకపోతే తప్పు ఎవరిది?

వినడానికి ఇవన్నీ ఒకే రకం ప్రశ్నల్లా ఉంటాయి. జవాబులు మాత్రం వేర్వేరు చోట్ల ఉన్నాయి. కొన్ని కామిక్స్ అచ్చువేసే పద్ధతిలో ఉన్నాయి, కొన్ని సినిమా హక్కుల కాగితాల్లో ఉన్నాయి, మిగిలినవి పుస్తకానికీ తెరకీ ఉన్న తేడాలో ఉన్నాయి. మూడూ కలిపేస్తే ఎంత మాట్లాడినా తేలదు. అందుకని విడివిడిగా చూద్దాం.

ముగింపు లేకుండా పుట్టిన కథలు

అమెరికన్ కామిక్ మామూలుగా నెలకో సంచిక. అందులో ఇరవై పైచిలుకు పేజీల కథ ఉంటుంది. జెర్రీ సీగెల్ రాసి, జో షుస్టర్ బొమ్మలు వేసిన సూపర్‌మ్యాన్ 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చాడు. ఆ పాత్ర మీద హక్కుల్ని వాళ్లిద్దరూ 130 డాలర్లకి ప్రచురణ సంస్థకి రాసిచ్చేశారు. ఆ తర్వాత జరిగిన కథంతా ఈ ఒక్క ఒప్పందం నుంచే అర్థమవుతుంది. పాత్ర సంస్థది. రాసేవాళ్లు వస్తారు, పోతారు. అమ్మకాలు ఉన్నన్నాళ్లూ కథ ఆగదు.

మన చందమామ ధారావాహికలతో పెరిగినవాళ్లకి ఇది కొత్తగా అనిపిస్తుంది. అక్కడ కథ మొదలవుతుంది, కొన్ని నెలలు నడుస్తుంది, ముగుస్తుంది, ఇంకో కథ మొదలవుతుంది. సూపర్‌మ్యాన్‌కి, 1939లో వచ్చిన బ్యాట్‌మ్యాన్‌కి ఆ ముగింపు లేదు. వందలమంది రచయితలు ఎనభై ఏళ్లకు పైగా ఒకే మనిషి జీవితం రాస్తూ పోతే, ముందు రాసినదానికీ తర్వాత రాసినదానికీ పొంతన కుదరదు. ఆ చిక్కుని సర్దుకోవడానికే అభిమానులు రోజూ వాడే మాటలు పుట్టాయి.

కంటిన్యుటీ అంటే నిన్నటి సంచికలో జరిగింది ఇవాళ్టి సంచికలోనూ నిజమే అన్న లెక్క. కానన్ అంటే పాత్ర జీవితంలో 'ఇది జరిగింది' అని హక్కుదారు ఒప్పుకున్న సంఘటనలు. రెట్‌కాన్ అంటే పాత కథలో జరిగినదాన్ని తర్వాతి రచయిత వెనక్కి వెళ్లి మార్చడం. రీబూట్ అంటే పలక తుడిచి మళ్లీ మొదటి అక్షరం దిద్దడం. మల్టీవర్స్ అంటే ఒకే పాత్ర వేర్వేరు లోకాల్లో వేర్వేరు జీవితాలు బతుకుతోందన్న ఊహ. ఈ చివరిది కాస్త వివరంగా చూడాలి.

మల్టీవర్స్ పుట్టింది ఇద్దరు ఫ్లాష్‌ల వల్ల

1940లో ఫ్లాష్ పేరుతో వచ్చిన హీరో అసలు పేరు జే గారిక్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సూపర్‌హీరోల మోజు తగ్గి ఆ పుస్తకం ఆగిపోయింది. 1956లో అదే పేరుతో, కొత్త వేషంతో, బ్యారీ అలెన్ అనే వేరే మనిషిని డీసీ సంస్థ (సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌లని అచ్చువేసేదీ ఇదే) తెచ్చింది. కొత్త కథలో ఒక తమాషా మెలిక పెట్టారు. బ్యారీ చిన్నప్పుడు జే గారిక్ కామిక్స్ చదివి పెరిగినవాడు. అంటే అతని లోకంలో పాత ఫ్లాష్ కేవలం పుస్తకంలోని బొమ్మ.

పాత పాఠకులకి మాత్రం జే గారిక్ నిజమైన హీరోనే. వాళ్లనీ వీళ్లనీ కలపడానికి 1961లో ఒక కథ వచ్చింది. బ్యారీ అతివేగంగా కంపిస్తూ పక్కలోకంలోకి జారిపోతాడు, అక్కడ జే గారిక్ ప్రాణంతో ఉంటాడు. ఒకే చోట రెండు భూములు, వాటి కంపనం వేరు. మల్టీవర్స్ డీసీలో పాదుకున్నది అక్కడే. సైన్సు దానికి పెట్టుకున్న ముసుగు. లోపలున్నది ప్రచురణకర్త అవసరం: పాత పాఠకుణ్ణి పోగొట్టుకోకూడదు, కొత్త పాఠకుణ్ణి భయపెట్టకూడదు.

ఆ లోకాలు పెరిగి పెరిగి ఎవరికీ అర్థం కాని స్థితి వచ్చాక, 1985లో మొదలైన పన్నెండు సంచికల కథతో వాటన్నిటినీ కూల్చి ఒకే భూమి చేశారు. 2011లో మళ్లీ పలక తుడిచారు. తెరమీద జరుగుతున్నదీ ఇదే వరస. నటులు మారతారు, పాత సినిమాల మీద మమకారం పోదు, రెంటినీ కలపడానికి మల్టీవర్స్ చేతికి అందుతుంది. 2021లో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు కలిసింది 1961లో ఇద్దరు ఫ్లాష్‌లు కలిసినట్టే.

అయితే ఒక మొహం రెండు పాత్రల్లో కనిపించిన ప్రతిసారీ మల్టీవర్స్ అనుకోకూడదు. క్రిస్ ఎవాన్స్ 2005లో ఫెంటాస్టిక్ ఫోర్ సినిమాలో హ్యూమన్ టార్చ్ వేశాడు, 2011లో కెప్టెన్ అమెరికా అయ్యాడు. అవి రెండు సంస్థలు తీసిన రెండు సినిమాలు, అంతే. 2024లో డెడ్‌పూల్ సినిమాలో అతను కనిపించగానే హాలంతా కెప్టెన్ అమెరికా అనుకుని కేకలు పెట్టింది. తీరా చూస్తే పాత హ్యూమన్ టార్చ్! ఇక డూమ్ సంగతికొస్తే, కామిక్స్‌లో 2016లోనే డూమ్ ఐరన్ మ్యాన్ కవచం తొడిగి తిరిగిన కథ ఉంది. ఆ రెండు పాత్రల మధ్య దారి పుస్తకంలో ముందే పడింది.

కథ కోసం కాదు, కాగితాల కోసం

కొన్ని మార్పులకి కథతో సంబంధమే లేదు. 1990లలో స్పైడర్‌మ్యాన్, ఐరన్ మ్యాన్‌ల కామిక్స్ వేసే మార్వెల్ సంస్థ ఆర్థికంగా చితికి, 1996లో దివాలా రక్షణ కోరింది. ఆ దశకంలో పాత్రల సినిమా హక్కులు విడివిడిగా బయటికి వెళ్లిపోయాయి. ఎక్స్-మెన్ ఫాక్స్ స్టూడియోకి, స్పైడర్‌మ్యాన్ సోనీ స్టూడియోకి. మిగిలిన పాత్రలతో మార్వెల్ సొంతంగా సినిమాలు మొదలుపెట్టింది, 2009లో డిస్నీ ఆ సంస్థని కొన్నది.

దీని ఫలితం క్విక్‌సిల్వర్ అనే పాత్రలో బాగా కనిపిస్తుంది. మెరుపులా పరిగెత్తే ఈ కుర్రాడు కామిక్స్‌లో ఎక్స్-మెన్ కథల్లోనూ ఉన్నాడు, అవెంజర్స్‌లోనూ ఉన్నాడు. కాబట్టి రెండు సంస్థలకీ హక్కుంది. 2014లో ఫాక్స్ సినిమాలో ఎవాన్ పీటర్స్ ఆ వేషం వేశాడు. 2015లో అవెంజర్స్ సినిమాలో ఆరన్ టేలర్-జాన్సన్ వేశాడు. ఒకే పాత్ర, ఏడాది తేడా, ఇద్దరు మనుషులు, ఒకరికొకరు సంబంధం లేదు. 2019లో డిస్నీ ఫాక్స్‌ని కొనేసింది. క్విక్‌సిల్వర్ అవెంజర్స్ కథలో వాండాకి అన్న. 2021లో 'వాండావిజన్' సిరీస్‌లో చనిపోయిన ఆ అన్న తిరిగొచ్చాడని వాండా తలుపు తీస్తే, గుమ్మంలో నిలబడ్డది ఫాక్స్ సినిమాలోని పీటర్స్! అభిమానులు లోకాలు కలిసిపోయాయని వారాల తరబడి లెక్కలు వేశారు. చివరికి అతను వేరే ఎవరో మామూలు మనిషని సిరీస్ తేల్చేసింది. ఆ నిరాశ ఇంకా తీరనివాళ్లు నాకు తెలుసు. అది వాళ్ల అమాయకత్వం కాదు. కొనుగోళ్ల వార్తల్ని కథగా చదవడం అభిమానులకి సంస్థలే నేర్పాయి.

భారతం మిట్ట దగ్గర నేర్చుకోవాల్సింది

ఇక అసలు గొడవకి వద్దాం. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు తీయాలా, మార్చొచ్చా?

చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లలో వేసవిలో భారతం పెడతారు. అది జరిగే చోటే భారతం మిట్ట. చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. అదే కథ ఒకే రోజు రెండు రూపాల్లో ఊరికి అందుతుంది. హరికథలో ఒక్క మనిషే ధర్మరాజూ శకునీ అవుతాడు. రాత్రికి కిరీటాలు, భుజకీర్తులు పెట్టుకున్న వేషగాళ్లు వస్తారు. అర్జున తపస్సు నాడు రెండూ పక్కకి పోయి మూడో రూపం వస్తుంది. ఊరిబయట ఎత్తయిన తపసు మాను నాటుతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుకుంటూ ఒక్కో మెట్టే ఎక్కుతాడు. పైనుంచి విభూతి, నిమ్మకాయలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు ఆ ప్రసాదం కోసం కింద తడిబట్టలతో పడుకుని ఉంటారు. గ్రంథంలో ఒక ఘట్టమైనది ఇక్కడ ఊరి మొత్తానికి ఒక పూట అవుతుంది. దుర్యోధన వధ రోజు నేలమీద మట్టితో చేసిన భారీ దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడు తరుముతాడు.

తిక్కన ఇట్లా రాశాడా అని అక్కడ ఎవరూ అడగరు. అట్లాగని ఏం చేసినా చెల్లదు. దుర్యోధనుడు పడ్డాక ద్రౌపది జడ ముడవకపోతే ఆ ఊరు ఒప్పుకోదు. ఆ ముడి కోసమే కదా అన్ని రోజులు కూర్చున్నది.

కామిక్స్ విషయంలో 'మూలానికి కట్టుబడటం' అని ఒకే మాటతో కొట్టుకుంటున్నాం గానీ, అందులో మూడు సంగతులున్నాయి. సంఘటనలు: ఏం జరిగింది. రూపం: ఎట్లా చెప్పారు. ప్రాణం: దేని కోసం చెప్పారు. వీటిలో ఒకటి నిలబెట్టి ఇంకోటి పోగొట్టుకోవచ్చు. ఒకే పుస్తకం నుంచి వచ్చిన ఒక సినిమా, ఒక సిరీస్ దీన్ని స్పష్టంగా చూపిస్తాయి.

'వాచ్‌మెన్': ఒకే పుస్తకానికి రెండు జవాబులు

అలన్ మూర్ రాసి, డేవ్ గిబ్బన్స్ బొమ్మలు వేసిన 'వాచ్‌మెన్' 1986-87లో పన్నెండు సంచికలుగా వచ్చింది. ముసుగు వేసుకుని న్యాయం చేస్తామనేవాళ్లు నిజజీవితంలో ఎట్లా ఉంటారు? అలిసిపోయినవాళ్లు, పిరికివాళ్లు, క్రూరులు, తమని తాము దేవుళ్లనుకునేవాళ్లు. అదీ ఆ పుస్తకం వేసిన ప్రశ్న.

2009లో జాక్ స్నైడర్ తీసిన సినిమాలో చాలా దృశ్యాలు పుస్తకంలోని బొమ్మల్ని పక్కన పెట్టుకుని తీసినట్టే ఉంటాయి. సంఘటనల్లో పెద్ద మార్పు ఒకటే. పుస్తకం చివర న్యూయార్క్ మీద పడే రాక్షస జీవి సినిమాలో లేదు. దాని బదులు డాక్టర్ మన్‌హట్టన్ అనే అతీత శక్తుల పాత్ర శక్తిని పోలిన పేలుళ్లు నగరాల్ని నాశనం చేస్తాయి, నింద అతని మీద పడుతుంది.

ఇంతకన్నా నమ్మకంగా ఎవరు తీయగలరని ఒక వర్గం అంటుంది. ముగింపు మార్పు కూడా కథకి బాగా అతికిందని, అప్పటిదాకా ఊసే లేని జీవి కన్నా ముందునుంచీ ఉన్న పాత్రే మేలని వాళ్ల వాదన. దాన్ని కొట్టిపారేయలేం. రెండో వర్గం పోరాటాల దగ్గర ఆగుతుంది. పుస్తకంలో దెబ్బలు అసహ్యంగా, తొందరగా అయిపోతాయి. సినిమాలో అవి నెమ్మదిగా, అందంగా సాగుతాయి. ముసుగు మనుషుల మీద ఆరాధన పోగొట్టాలని పుస్తకం రాస్తే, సినిమా ఆ ఆరాధనని తిరిగి తెచ్చిందని వీళ్ల బాధ. మూర్ తన పేరు సినిమాలో వేయొద్దన్నాడు.

2019లో డేమన్ లిండెలాఫ్ హెచ్‌బీఓ టీవీ సంస్థకి తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్ చేశాడు. పుస్తకంలోని సంఘటనల్ని మళ్లీ తీయలేదు. అవన్నీ జరిగిపోయాయి, ఆ జీవి పడిన సంగతితో సహా, అని ఒప్పుకుని దశాబ్దాల తర్వాతి కథ చెప్పాడు. 1921లో ఓక్లహోమాలోని టల్సాలో నల్లజాతివారి మీద జరిగిన నిజమైన ఊచకోతతో మొదలుపెట్టాడు. పుస్తకంలో ఎవరో తేలని ఒక తొలితరం హీరో, ఆ ఊచకోత నుంచి బయటపడ్డ నల్లజాతి పిల్లవాడే అని చూపించాడు. ఇది పెద్ద రెట్‌కాన్. తెలియకుండా వదిలేసిన సంగతికి జవాబు చెప్పే హక్కు నీకెక్కడిదని అడిగిన పాఠకులున్నారు. వాళ్ల అభ్యంతరంలో న్యాయముంది. అయినా ముసుగు ఎవరు వేసుకుంటారు, ఎందుకు దాక్కోవాల్సి వచ్చింది అనే ప్రశ్న అంత లోతుగా తెరమీద నేను వేరే ఎక్కడా చూడలేదు. సంఘటనల లెక్కలో సినిమా దగ్గర, ప్రాణం లెక్కలో సిరీస్ దగ్గర. రెంటిలో ఒకటే నిలుపుకోవాలంటే నేను రెండోదే కోరుకుంటాను. ఆ సిరీస్‌కి 2020లో పదకొండు ఎమ్మీ టీవీ అవార్డులు వచ్చాయి.

తెరకి కావాల్సిన మొహాలు

కామిక్ సహజంగా ధారావాహిక కాబట్టి రెండున్నర గంటల సినిమా కన్నా సిరీస్ దానికి నప్పుతుందనే వాదన ఉంది. జాంబీల కథ 'ది వాకింగ్ డెడ్' పుస్తకం 2003 నుంచి 2019 దాకా 193 సంచికలు. సిరీస్ 2010 నుంచి 2022 దాకా పదకొండు సీజన్లు. అన్నేళ్లు నడిచేసరికి సిరీస్ తన దారి తాను వేసుకుంది. పుస్తకం చివరిదాకా బతికిన హీరో కొడుకు కార్ల్ తెరమీద మధ్యలోనే చనిపోతాడు. అభిమానులు నెత్తిన పెట్టుకున్న డేరిల్ అసలు పుస్తకంలో లేనేలేడు.

కానీ సమయం ఎక్కువుంటే చాలు అనుకోకూడదు. 2015 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మార్వెల్ సిరీస్‌ల సీజన్లలో చాలావాటికి పదమూడు ఎపిసోడ్లు. 'డేర్‌డెవిల్'ని ప్రాణంగా ప్రేమించేవాళ్లు కూడా కొన్నిచోట్ల కథ సాగదీశారని ఒప్పుకుంటారు. ఇంకోవైపు, టీవీ సమయం ఇస్తుందన్న హామీ కూడా లేదు. 2002లో వచ్చిన 'ఫైర్‌ఫ్లై' అంతరిక్ష కథకి పద్నాలుగు ఎపిసోడ్లు తీస్తే, అమెరికాలో పదకొండే ప్రసారమయ్యాయి. అవీ వరస తప్పి. పాత్రల్ని పరిచయం చేసే మొదటి భాగం అన్నిటికన్నా ఆఖరున వేశారు.

సైన్స్ ఫిక్షన్‌కి టీవీలో ఇంకో ప్రత్యేక కష్టముంది. కూలిపోతున్న ఒక అంతరిక్ష సామ్రాజ్యం గురించి ఐజాక్ అసిమోవ్ రాసిన 'ఫౌండేషన్' కథలు 1942 నుంచి పత్రికలో వచ్చి 1951లో పుస్తకమయ్యాయి. కథ పదుల ఏళ్లు దూకుతూ పోతుంది. ఒక అధ్యాయంలో చూసిన మనుషులు తర్వాతిదానికి చరిత్ర పుస్తకంలో పేర్లయిపోతారు. చదివేవాడికి అది ఉత్సాహమే. వారం వారం చూసేవాడికి పట్టుకోవడానికి ఒక మొహం కావాలి. 2021లో ఆపిల్ కోసం మొదలైన సిరీస్ దీనికి కనిపెట్టిన ఉపాయం నాకు చాలా నచ్చింది. చక్రవర్తి తనలాంటి నకళ్లని తయారుచేయించుకుంటూ పోతాడు. ఏ కాలంలోనైనా బాలుడు, నడివయసువాడు, ముసలివాడు, ముగ్గురూ ఒకే మనిషే. శతాబ్దాలు దాటినా అదే నటుడు సింహాసనం మీద కూర్చుంటాడు. పుస్తకంలో లేని ఈ ఊహ, మారడానికి ఒప్పుకోని సామ్రాజ్యం ఎట్లా కుళ్లుతుందో కళ్లకి కట్టిస్తుంది.

దీన్ని కాదనేవాళ్ల వాదనా బలమైనదే. అసిమోవ్ కథకి మూలమైన ఊహ, చరిత్రని నడిపేది జనసమూహాలే, వ్యక్తులు కాదు అని. సిరీస్‌లో మాత్రం ప్రత్యేకమైన వ్యక్తులే అడుగడుగునా చరిత్రని మలుపు తిప్పుతారు. మొహాల కోసం చేసిన రాజీ ప్రాణం మీదికే వచ్చిందని వాళ్లంటారు. ఈ తగవుకి సులువైన తీర్పు లేదు. తెరకీ ఆ పుస్తకానికీ స్వభావంలోనే పడని చోటు అది.

తెరనుంచి పుస్తకంలోకి

ఇంతవరకూ పుస్తకమే మూలం, తెర దాని నీడ అన్నట్టు మాట్లాడుకున్నాం. చరిత్ర చూస్తే ప్రవాహం రెండువైపులా ఉంది. 1938 నాటి సూపర్‌మ్యాన్ ఎగరలేడు, దూకుతాడు. ఎగరడం అతనికి స్థిరపడటంలో 1940ల మొదట్లో వచ్చిన యానిమేషన్ చిత్రాలదీ రేడియో నాటకాలదీ పెద్ద చెయ్యి. అతన్ని కుంగదీసే క్రిప్టోనైట్ ముందు వచ్చింది రేడియోలో, 1943లో. పుస్తకంలోకి 1949లో చేరింది. హార్లీ క్విన్ 1992లో బ్యాట్‌మ్యాన్ కార్టూన్ సిరీస్‌లో జోకర్ పక్కన నిలబడటానికి పుట్టిన పాత్ర. తర్వాత కామిక్స్‌లోకి వెళ్లి సొంత పుస్తకం సంపాదించింది.

అందుకే తిరుపతిలో తెలుగు డబ్బింగ్ చూసి అభిమానులైన పిల్లల్ని 'పుస్తకం చదవనివాడు అభిమాని కాదు' అని ఎవరైనా చిన్నబుచ్చితే నాకు కోపమొస్తుంది. ఆ కామిక్స్ ఇక్కడ వీధి చివర దొరకవు, దొరికినా ఖరీదు ఎక్కువ. వీళ్లకి మొదట ఎదురైన రూపం తెరదే. ఎనభై ఏళ్లుగా తెర, రేడియో కలిసి తయారుచేసిన పాత్రకి తెరనుంచి వచ్చిన అభిమాని బయటివాడు ఎట్లా అవుతాడు?

ఈ చర్చనంతా కథావస్తువు చేసుకున్న సినిమా ఒకటుంది. 2004లో ఇండియాలో అచ్చయిన ఒక కామిక్‌లో పవిత్ర్ ప్రభాకర్ అనే కుర్రాడు ధోవతి కట్టిన స్పైడర్‌మ్యాన్. అంకుల్ బెన్ అక్కడ భీమ్ బాబాయి, ఆంట్ మే మాయా పిన్ని. పీటర్ పార్కర్ జీవితంలోని సంఘటనల్ని చాలావరకు మన నేలమీదికి మార్చి రాశారు. 2023 యానిమేషన్ సినిమా 'అక్రాస్ ది స్పైడర్-వర్స్' పవిత్ర్‌ని తీసుకుని ముంబట్టన్ అనే నగరంలో పెట్టింది. మన దేశంలో ఆ సినిమా తెలుగుతో సహా పది భాషల్లో విడుదలైంది. అందులో మిగెల్ ఓహారా అనే స్పైడర్‌మ్యాన్ ఒక నియమం చెబుతాడు: ప్రతి లోకంలోనూ ప్రతి స్పైడర్‌మ్యాన్‌కీ కొన్ని సంఘటనలు జరిగి తీరాలి, ఆత్మీయుడైన ఒక పోలీసు అధికారి చనిపోవాలి, లేకపోతే ఆ లోకమే కూలిపోతుంది. వాటికి అతను పెట్టిన పేరు కానన్ సంఘటనలు. ముంబట్టన్‌లో పవిత్ర్ స్నేహితురాలి తండ్రి, పోలీసు ఇన్‌స్పెక్టర్, చనిపోవాల్సిన క్షణంలో వేరే లోకపు స్పైడర్‌మ్యాన్, మైల్స్ మొరాలెస్ అనే కుర్రాడు, అతన్ని కాపాడేస్తాడు. నగరం నడుమ నల్లటి గుంట తెరుచుకుంటుంది. అది కాపాడటం వల్లే తెరుచుకుందా, వేరే కారణం ఉందా అన్నది సినిమా తేల్చదు. తర్వాత తన సొంత తండ్రి వంతు వచ్చిందని తెలిసి, ఆ నియమం నేను ఒప్పుకోనని మైల్స్ పారిపోతాడు. వందలమంది స్పైడర్‌మ్యాన్‌లు అతని వెంటపడతారు.

సంఘటన తప్పితే అతను స్పైడర్‌మ్యాన్ కాకుండా పోతాడా? కాపాడగలిగినవాణ్ణి కాపాడకుండా ఊరుకుంటే మాత్రం స్పైడర్‌మ్యాన్ అవుతాడా? సినిమా అక్కడే ఆగిపోతుంది. జవాబు చెప్పాల్సిన తర్వాతి భాగాన్ని మొదట 2024 మార్చికి అనుకున్నారు, ఇప్పుడు 2027 అంటున్నారు.